చర్మాల డాక్టరు గది ముందు క్యూ ఎక్కడ మొదలవుతుంది

ఉదయం ఏడున్నరకు సత్తెనపల్లి వైపు నుంచి వచ్చే బస్సు దిగి, మా పిన్నీ నేనూ ఒక పెద్దాసుపత్రిలో ఓపీ చీటీల వరుసలో నిలబడ్డాం. చీటీ చేతికి వచ్చేసరికి తొమ్మిది దాటింది. చర్మవ్యాధుల విభాగం ముందు బల్ల మీద చోటు దొరికేసరికి తొమ్మిదిన్నర. పిన్నిని లోపలికి పిలిచినప్పుడు పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. డాక్టరుగారు చూసింది నాలుగు నిమిషాలు. ఆ తర్వాత పరీక్ష, మళ్లీ డాక్టరు, మందుల కౌంటరు. బయటపడేసరికి మధ్యాహ్నం మూడు. నాలుగు నిమిషాల కోసం ఏడున్నర గంటలు.

ఆ రోజంతా నాకు కోపంగానే ఉంది. ఇంటికి వచ్చి తీరిగ్గా లెక్క వేసుకున్నాక అర్థమైంది, పిన్ని ఎదురుచూసింది ఏడున్నర గంటలు మాత్రమే కాదని. ఆమె నడుము దగ్గర మొదటి మచ్చ కనిపించింది సంక్రాంతి వెళ్లిన వారం. మేము ఆసుపత్రికి వెళ్లింది వినాయక చవితి దాటాక. మధ్యలో ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలలే ఆసుపత్రిలోని ఏడున్నర గంటలను తయారుచేస్తున్నాయని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం. పిన్ని ఒక్కదాని విషయంలోనే కాదు, ఆ వసారాలో కూర్చున్న చాలామంది విషయంలో కూడా.

ముందుగా, ఎదురుచూపును ఎక్కడి నుంచి కొలుస్తున్నామో చూడాలి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్యంలో రోగి మొదట తన ప్రాంతపు సాధారణ వైద్యుడి దగ్గరికి వెళ్తాడు. ఆయన రాసి పంపిన రోజు నుంచి నిపుణుడి చికిత్స మొదలయ్యేదాకా 18 వారాలు మించకూడదని అక్కడ నియమం. ఆ గడువు తరచుగా దాటిపోతోందని అక్కడి పత్రికలు గోల పెడతాయి. మన దగ్గర గుంటూరు జీజీహెచ్‌కైనా విజయవాడ ప్రభుత్వాసుపత్రికైనా ఎవరూ రాసి పంపనవసరం లేదు. పొద్దున్నే వెళ్లి చీటీ తీసుకుంటే అదే రోజు నిపుణుడు చూస్తాడు. ఇది చిన్న విషయం కాదు, ఎన్నో దేశాల్లో లేని సౌకర్యం. కానీ దీనివల్ల ఒక మరుగు ఏర్పడింది. అక్కడ ఎదురుచూపు వారాల్లో కాగితం మీద కనిపిస్తుంది. ఇక్కడ గంటల్లో బల్ల మీద కనిపిస్తుంది, మిగతా నెలలన్నీ ఇంట్లో గడిచిపోతాయి. ఇంట్లో గడిచినదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. లెక్కలో లేనిదాన్ని తగ్గించాలని ఎవరికీ తోచదు.

బల్ల మీది గంటల సంగతి మొదట చూద్దాం. ఎదురుచూసేవాళ్ల వరుసల మీద గణితంలో ఒక శాఖే ఉంది. అందులో 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం చాలా సులువైనది: వరుసలో ఉన్నవాళ్ల సంఖ్యను, గంటకు ఎంతమందిని చూస్తున్నారో ఆ సంఖ్యతో భాగిస్తే, సగటున ఎన్ని గంటలు ఆగాలో వస్తుంది. వసారాలో 120 మంది ఉండి, లోపల డాక్టర్లందరూ కలిసి గంటకు 60 మందిని చూస్తుంటే, ఇప్పుడు వచ్చిన మనిషికి రెండు గంటలు పడుతుంది. అటెండరును బతిమాలినా, కసిరినా ఆ రెండు గంటలు మారవు. ఒకరు ముందుకు జరిగితే ఆ సమయం మరొకరి నెత్తిన పడుతుంది, అంతే.

అసలు విశేషం మరొకటి ఉంది. ఒకే ఒక్క డాక్టరు ఉన్నాడనుకుందాం. రోగులు ఎప్పుడంటే అప్పుడు వస్తారు, ఒక్కొక్కరికి సగటున నాలుగు నిమిషాలు పడుతుంది, కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. ఆ డాక్టరు సమయంలో సగమే నిండితే రోగి సగటున నాలుగు నిమిషాలు ఆగాలి. నూటికి ఎనభై వంతులు నిండితే 16 నిమిషాలు. తొంభై నిండితే 36. తొంభై అయిదు నిండితే 76 నిమిషాలు. ఎనభై నుంచి తొంభై అయిదుకు పెరిగిన పని అయిదో వంతు కూడా లేదు, ఎదురుచూపు మాత్రం దాదాపు అయిదు రెట్లయింది. నిండుకుండలో ఇంకో చెంబు పోసినట్టు, చివర వచ్చి చేరిన ఆ కొద్దిమందితోనే వరుస మెట్ల దాకా పొర్లుతుంది. దీన్ని తిరగేసి చూస్తే ఆశ కనిపిస్తుంది. రోజుకు వందమందిని చూడగల చోట, వచ్చే 95 మందిలో రానవసరం లేని 15 మందిని తగ్గించగలిగితే, మిగిలిన 80 మంది ఆగే సమయం అయిదో వంతుకు దగ్గరగా పడిపోతుంది. ఒక్క డాక్టరును కూడా కొత్తగా వేయకుండానే.

నిజమైన ఓపీలో పరిస్థితి ఈ లెక్కకంటే కఠినంగా ఉంటుంది, ఎందుకంటే రోగులు రోజంతా విడివిడిగా రారు. చీటీలు ఇచ్చేది ఉదయం పూటే. మాచర్ల నుంచి, పిడుగురాళ్ల నుంచి, రేపల్లె నుంచి గుంటూరుకు, తిరువూరు నుంచి, అవనిగడ్డ నుంచి విజయవాడకు మొదటి బస్సుల్లో వచ్చేవాళ్లంతా ఒకే గంటలో దిగుతారు. 2022లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల వేరయ్యాయి కానీ రోగుల దారి మారలేదు. పెద్ద జబ్బంటే ఇప్పటికీ గుంటూరే.

మరి ఆ 15 మంది ఎవరు? రానవసరం లేనివాళ్లని నేనన్నది వాళ్ల జబ్బు చిన్నదని కాదు. మొదట్లోనే సరైన మందు పడి ఉంటే అసలు ఇక్కడిదాకా రావలసిన అవసరం లేనివాళ్లు. వచ్చినా ఒకసారితో అయిపోవలసినది నాలుగుసార్లు తిరుగుతున్నవాళ్లు. వాళ్లను తెలుసుకోవాలంటే ఆసుపత్రి వదిలి, మన వీధి చివరి మందుల షాపు దగ్గరికి రావాలి.

పిన్ని నడుము మీద వచ్చింది తామర. బెజవాడ, గుంటూరు ప్రాంతపు ఉక్కలో, చెమటకు తడిసే చీర కుచ్చిళ్ల దగ్గర, పాంటు నడుము పట్టీ కింద, తొడల సందుల్లో ఈ శిలీంధ్రం హాయిగా పెరుగుతుంది. ఎర్రటి అంచుతో గుండ్రంగా పాకుతుంది, విపరీతమైన దురద. షాపులో అడిగితే ఒక ట్యూబు ఇస్తారు. అందులో మూడు నాలుగు మందులు కలిపి ఉంటాయి: శిలీంధ్రాన్ని చంపేది ఒకటి, సూక్ష్మక్రిములను చంపేది ఒకటి, వీటితోపాటు క్లోబెటాసాల్ లాంటి తీవ్రమైన స్టెరాయిడ్. రాసిన రెండో రోజుకల్లా దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది. ఆ ఉపశమనం స్టెరాయిడ్ చలవ. దురద, ఎరుపు మన ఒంటి రక్షణ వ్యవస్థ ఆ శిలీంధ్రంతో పోరాడుతున్నదని చెప్పే గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే ఆపేస్తుంది. పైకి చర్మం చల్లబడుతుంది, కింద శిలీంధ్రం అడ్డు లేకుండా పాకుతుంది. ట్యూబు ఆపగానే రెట్టింపుగా పైకి లేస్తుంది. మళ్లీ ట్యూబు కొంటారు. మంచి మందు అని పక్కింటివాళ్లకూ చెబుతారు.

నెలల తరబడి ఇలా జరిగితే మూడు నష్టాలు. చర్మం పలచబడి, గర్భం తర్వాత పొట్ట మీద పడేలాంటి చారలు తొడల్లో పడతాయి. ఆ చారలు ఇక పోవు. రెండోది, తామరకు గుర్తుగా ఉండే గుండ్రటి అంచు చెరిగిపోయి జబ్బు ముఖం మారిపోతుంది. ఒక్క చూపులో పోల్చుకోవలసినదానికి చర్మం పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి సూక్ష్మదర్శినిలో చూడవలసి వస్తుంది. పిన్నికి చేసిన పరీక్ష అదే. మూడోది అన్నిటికంటే పెద్దది: పూర్వం రెండు మూడు వారాల పూతతో పోయే తామర ఇప్పుడు ఆరు వారాలు, ఒక్కోసారి అంతకు మించి మాత్రలు మింగినా మొండికేస్తోంది. 2020లో శాస్త్రవేత్తలు ఒక కొత్త శిలీంధ్ర జాతికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఆ పేరులో మన దేశం ఉంది. ఏళ్ల తరబడి వాడుతున్న టెర్బినాఫిన్ మాత్రకు అది చాలాచోట్ల లొంగడం లేదు. ఇప్పుడు విదేశాలకూ పాకింది.

అంటే ఒక్క ట్యూబు వల్ల డాక్టరు చూసే సమయం పెరిగింది, పరీక్ష అదనంగా వచ్చింది, తిరగవలసిన సార్లు పెరిగాయి. వరుస లెక్కలో ఈ మూడూ ఒకే వైపు తోస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. నియమం ఉంది. అయినా మీరు ఈ సాయంత్రం ఏ షాపుకైనా వెళ్లి ‘దురదకు ఏదైనా ట్యూబు ఇవ్వండి’ అని అడిగి చూడండి. చర్మాల డాక్టరు దగ్గర రద్దీ తగ్గాలంటే మొదట పట్టించుకోవలసింది ఈ అమ్మకాన్నే. కొత్త భవనాలకంటే ముందు ఇది జరగాలి.

గజ్జిది మరో దారి. కంటికి సరిగా ఆనని ఒక పురుగు చర్మంలో సొరంగాలు తవ్వి గుడ్లు పెట్టడం వల్ల వస్తుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ రాత్రిపూట ఆగని దురద. మొదటిసారి సోకినవాళ్లకు దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి ఇంట్లో ఒకరు గోక్కుంటున్నారంటే మిగతావాళ్లకు అప్పటికే సోకి ఉండవచ్చు. పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి పాదాల దాకా రాత్రి రాసుకుని, పొద్దున స్నానం చేసి, వారం తర్వాత మరోసారి రాయాలి. అది కూడా దురద ఉన్నా లేకపోయినా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి. దురద పుట్టినచోట మాత్రమే, పుట్టినవాళ్లు మాత్రమే రాసుకుంటే నెల తిరగకుండా అదే కుటుంబం మళ్లీ అదే బల్ల మీద ఉంటుంది. హాస్టల్ పిల్లల విషయంలో ఇది మరీ దారుణం. గదిలో ఒక్కడికి మందిచ్చి మిగతా అందరినీ వదిలేస్తారు.

అక్కి సంగతి తలుచుకుంటే నాకు ఎక్కువ బాధ. నడుముకో ఛాతీకో ఒక పక్క పట్టీలా నీటి పొక్కులు లేచి మంట పెడితే, జాజుతో అక్కి రాయించుకోవడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. చల్లటి జాజు పూత కాసేపు హాయినిస్తుంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్సే నరంలో దాగి, ఏళ్ల తర్వాత ఇలా లేస్తుంది. దానికి వైరస్‌ను అణిచే మాత్రలు పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. మూడుసార్లు రాయించుకుని చూద్దామనుకునేలోగా ఆ గడువు దాటిపోతుంది. పెద్ద వయసువాళ్లలో పొక్కులు మానాక కూడా నెలల తరబడి నరాల మంట మిగిలిపోవచ్చు. కంటి చుట్టూ వస్తే చూపుకే ప్రమాదం. ఇక్కడ మూడు రోజులు ఎంత విలువైనవో చెప్పేవాళ్లు ఊళ్లో ఉండాలి.

ప్రభుత్వాసుపత్రుల్లో ఈ విభాగాన్ని డీవీఎల్ అంటారు. చర్మం, లైంగిక వ్యాధులు, కుష్ఠు, మూడూ ఒకే గదికి వస్తాయి. అందుకే ఇక్కడ నాలుగు నిమిషాలు కూడా ఒక్కోసారి చాలవు. బట్ట తొలగించి చూడాలి, దానికి మరుగు కావాలి, మంచి వెలుతురు కావాలి. నలుగురి ముందు చెప్పుకోలేని విషయం అడగాలి. పాలిపోయిన మచ్చ మీద దూదితో తాకి స్పర్శ తెలుస్తోందో లేదో చూడాలి. కుష్ఠును జాతీయ స్థాయిలో 10,000 మందికి ఒకటికంటే తక్కువ కేసులకు తెచ్చామని మన దేశం ప్రకటించింది 2005 చివర్లో. చాలామందికి అది జబ్బు పూర్తిగా పోయినట్టు వినిపించింది. కానీ కొత్త కేసులు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆరు నెలలో ఏడాదో ఉచితంగా ఇచ్చే మందులతో పూర్తిగా నయమవుతుంది. ఆలస్యమైతే నరం పోతుంది, వేళ్లు వంకర పోతాయి, అవి మళ్లీ తిన్నగా కావడం కష్టం. దురద లేదు, నొప్పి లేదు కదా అని ఊరుకునే మచ్చే అన్నిటికంటే ముందు చూపించవలసిన మచ్చ.

ఇక్కడి బతుకుతెరువులు, వానలు కూడా వరుసను పెంచుతాయి. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పోటెత్తే రోజుల్లో కాయలు ఏరే, తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులు నిప్పులా మండుతాయి. ఆ మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. ఒట్టి నీళ్లతో ఎంత కడిగినా పోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పటిలా రోజుల తరబడి మురికినీళ్లలో నడిస్తే వేళ్ల సందులు నాని, పాసిపోయి, చీము పడతాయి. ఇవి ఏడాదిలో ఏ నెలలో వస్తాయో ముందే తెలుసు. ఆ నెలల్లో ఓపీకి అదనపు సిబ్బందిని కూర్చోబెట్టడం అసాధ్యమైన పని కాదు.

ప్రైవేటు డాక్టర్లున్నారు కదా అంటారు. నిజమే, గుంటూరు కొత్తపేటలో, విజయవాడ సూర్యారావుపేటలో బోర్డులకు కొదవ లేదు. అయిదున్నరేళ్ల ఎంబీబీఎస్, ఆపైన మూడేళ్ల ఎండీ చదివి వచ్చిన నిపుణుడు జుట్టు, మొటిమలు, లేజరు వైపు ఎక్కువ సమయం పెడితే తప్పుపట్టలేం, అడిగేవాళ్లున్నారు. కానీ ఆ సమయం తామరకు, గజ్జికి మిగలదు. రోజు కూలీ పోగొట్టుకుని ఫీజు, మందులు, పరీక్షలు భరించలేని మనిషికి ఆ గదులు లేనట్టే లెక్క. ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు అక్కరకొస్తుంది. తామరకు ఎవరూ ఆసుపత్రిలో చేరరు.

రెండు ఊళ్లకూ మధ్యలో మంగళగిరి ఎయిమ్స్‌లో 2019 నుంచి ఓపీ నడుస్తోంది, అది కొంత బరువు పంచుకుంది. ఫోనుతో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆభా అనే డిజిటల్ ఆరోగ్య ఖాతా ద్వారా టోకెన్ వచ్చే పద్ధతి కూడా పెద్దాసుపత్రుల్లోకి వచ్చింది. మంచిదే, చీటీ వరుసలో నిలబడే బాధ తప్పుతుంది. అయితే లోపల గంటకు చూసేవాళ్ల సంఖ్య పెరగనంతకాలం చీటీ దగ్గర మిగిలిన గంట తలుపు ముందు ఖర్చవుతుంది. ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ద్వారా గ్రామ స్థాయి నుంచి నిపుణుడికి చూపించడం నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తోంది. చర్మం కంటికి కనిపించే అవయవం కాబట్టి ఫొటోతో చాలా తెలుస్తుంది. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీయాలి. మన చామనఛాయ మీద ఎరుపు అంతగా కనబడదు కనుక దురద, నొప్పి, పొట్టు సంగతి మాటల్లో చెప్పాలి. ఒకసారి నిపుణుడు తేల్చిన తామరకు, సోరియాసిస్‌కు తర్వాతి మందులు పీహెచ్‌సీలోనో, ఊరికి వచ్చే 104 వాహనం దగ్గరో దొరికితే, నెలనెలా గుంటూరు బస్సెక్కేవాళ్లు తగ్గుతారు. ఎంబీబీఎస్‌లో చర్మవ్యాధులకు దక్కే శిక్షణ కాలం చాలా తక్కువ. పీహెచ్‌సీ డాక్టరుకు ఓ పది జబ్బుల్లో మంచి తర్ఫీదు ఇస్తే చాలు, పెద్దాసుపత్రి తలుపు ముందు తేడా కనిపిస్తుంది.

కొన్నిటికి మాత్రం చర్మాల ఓపీ కోసం కూడా ఆగకూడదు. మూర్ఛ మందో, గౌట్ మందో, సల్ఫా మాత్రో కొత్తగా మొదలుపెట్టిన కొద్ది వారాల్లో జ్వరంతోపాటు దద్దుర్లు లేచి, నోట్లో, కళ్లలో పుండ్లు పడి, చర్మం మండుతూ ఊడుతుంటే మందు పట్టీతో సహా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లాలి. అర్ధరాత్రయినా సరే. కాలు ఎర్రగా వాచి గంటగంటకూ ఆ ఎరుపు పైకి పాకుతున్నా, ముఖం ఉబ్బి ఊపిరి ఆడకపోయినా అంతే. అరికాలిలో, గోరు కింద పెరుగుతున్న నల్లమచ్చ, నెలల తరబడి మానని పుండు అంత అత్యవసరం కావు కానీ ఆ వారం దాటనివ్వకూడదు. ఇలాంటివాళ్లను వసారాలోనే గుర్తుపట్టి ముందు లోపలికి పంపే ఒక నర్సు తలుపు దగ్గర ఉంటే, మిగతావాళ్లెవరూ అభ్యంతరం చెప్పరు. వరుసలో కూర్చున్న జనానికి ఆ పాటి దయ ఉంటుంది, నేను చూశాను.

ఓపీకి వెళ్లేటప్పుడు ఇంతవరకూ రాసిన ట్యూబులు, మింగిన మాత్రల అట్టలు ఒక కవరులో వేసుకుని వెళ్లండి. ఖాళీవైనా సరే. పిన్ని సిగ్గుపడి వాటిని సంచి అడుగున దాచింది. డాక్టరుగారు అడిగి మరీ తీయించారు. బల్ల మీద పదకొండు ట్యూబులు వరసగా పెట్టి, పేర్లు చదివి, ‘ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అమ్మా?’ అన్నారు.

‘మా కోడలికి ఉందండి. చంటివాడికి ఈమధ్యే మొదలైంది. వాళ్లకూ ఇదే రాస్తున్నాం’ అంది పిన్ని.

ఆ మరుసటి సోమవారం ఏడున్నర బస్సుకు నలుగురం దిగాం.